ఇటలీలో తెలుగు పెళ్లి: తరచుగా అడిగే ప్రశ్నలు

పెళ్లికూతురు డల్లాస్‌లో, పెళ్లికొడుకు లండన్‌లో, తాతయ్యలు అమ్మమ్మలు గుంటూరులోనో కరీంనగర్‌లోనో. ఇలాంటి ఇళ్లవాళ్లు ఇటలీలో పెళ్లి అనుకోగానే అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులున్నాయి. చదువుతుంటే మీకే తెలుస్తుంది, ఏ ప్రశ్న మొదలుపెట్టినా మాట మళ్లీ ముహూర్తం దగ్గరికీ హోమం దగ్గరికీ వస్తుంది. ఫోటో చూసి విల్లాకు అడ్వాన్స్ కట్టేసి, ఆ తర్వాత పురోహితుణ్ని పిలిచి అడిగిన ఇళ్లలో చివరికి తంతులో కోతలు పడతాయి. అలా జరగకూడదనే ఈ జవాబులన్నీ.

ఇటలీలో పెళ్లంటే సినిమావాళ్లకేనా, మనలాంటివాళ్లూ చేస్తున్నారా?

చేస్తున్నారు. 2017 డిసెంబరులో విరాట్ కోహ్లి, అనుష్క శర్మ టస్కనీలో, 2018 నవంబరులో దీపికా పదుకోన్, రణ్‌వీర్ సింగ్ కోమో సరస్సు ఒడ్డున పెళ్లి చేసుకున్నాక ఇటలీ పేరు మన ఇళ్లలో బాగా వినబడింది. 2023 నవంబరు 1న వరుణ్ తేజ్, లావణ్య త్రిపాఠి టస్కనీలోని బోర్గో సాన్ ఫెలీచేలో ఒక్కటయ్యారు. తిరిగొచ్చాక హైదరాబాద్‌లో రిసెప్షన్ పెట్టారు. దగ్గరివాళ్లతో అక్కడ పెళ్లి, అందరికీ ఇక్కడ విందు అనే ఈ పద్ధతే మామూలు కుటుంబాలకూ బాగా కుదురుతుంది.

అయితే అందరికీ కాదు. శుభలేఖ ఇవ్వకపోతే మాట పడాల్సిన ఇళ్లు ఎనిమిది వందలుంటే, పెళ్లి ఊళ్లోనే చేయండి. ఇటలీకి తీసుకెళ్లగలిగేది వందా నూట యాభై మందినే. వాళ్లను ఎంచుకునే పని పెళ్లి ఖర్చుకంటే ఎక్కువ నలుపుతుంది. ఆ మాట రెండు వైపుల పెద్దలూ కూర్చుని మొదటే తేల్చుకోవాలి. ఎవర్ని పిలవడం లేదో వాళ్లకు పెళ్లికి ముందే అమ్మానాన్నలు స్వయంగా ఫోన్ చేసి చెప్పాలి. వాట్సాప్‌లో ఫోటోలు చూసి తెలుసుకునే పరిస్థితి రానివ్వకండి.

ముందు విల్లా చూసుకోవాలా, ముహూర్తం పెట్టించుకోవాలా?

ముహూర్తమే ముందు. దీనికి గట్టి కారణం ఉంది. ఇటలీలో పెళ్లిళ్లకు మంచి నెలలని వాళ్లు చెప్పేవి మే, జూన్, సెప్టెంబరు. ఎండ మెత్తగా ఉంటుంది, వాన తక్కువ, తోటలు పచ్చగా ఉంటాయి. ఇప్పుడు మన పంచాంగం పక్కన పెట్టి చూడండి. సెప్టెంబరులో ఎక్కువ భాగం భాద్రపదమే ఉంటుంది, అందులోనే పితృపక్షాలు. జూన్ చివర్లోనో జూలైలోనో ఆషాఢం మొదలవుతుంది. శ్రావణం వచ్చేసరికి ఆగస్టు, అంటే ఎండలు మండే నెల. పైగా ఆగస్టు 15 ఫెర్రగోస్తో పండుగ చుట్టూ ఇటలీలో సగం దుకాణాలు మూతబడతాయి, పూలవాళ్లూ వడ్రంగులూ సముద్రం దగ్గరికి వెళ్లిపోతారు. కార్తీకం, మార్గశిరం మనకు మంచి ముహూర్తాల కాలమే గానీ, నవంబరు మొదలు మార్చి మధ్య దాకా కోమో ఒడ్డున చాలా హోటళ్లు తలుపులు వేసుకుంటాయి.

ఇక మూఢం ఉండనే ఉంది. అధిక మాసం వస్తే మరీ ఇరుకు. 2026నే చూడండి, అధిక జ్యేష్ఠం మే 17 నుంచి జూన్ 15 దాకా. ఇటలీలో అందరూ కోరుకునే నెల మనకు చేతికి రాకుండా పోయింది.

ఇవన్నీ తీసేస్తే సాధారణంగా మిగిలేవి వైశాఖ, జ్యేష్ఠాలు, ఆ తర్వాత దసరా దాటాక అక్టోబరు రోజులు. అందుకే రెండు మూడు ముహూర్తాలు పెట్టించుకుని, ఆ తేదీలతో విల్లాలను అడగండి. ఒకే ముహూర్తం పట్టుకుని వెళ్తే అది ఖాళీ లేదంటారు. ముహూర్తం లేకుండా వెళ్తే వాళ్లకు ఖాళీగా ఉన్న శనివారం మీకు అంటగడతారు. ఇంకో లాభం కూడా ఉంది. మన ముహూర్తాలు మంగళ, శనివారాలు తప్పించి బుధ, గురువారాల్లో పడుతుంటాయి. శనివారానికి ఎగబడే పాశ్చాత్య జంటలు ఆ రోజుల జోలికి రారు కాబట్టి అద్దె తగ్గించమని ధైర్యంగా అడగొచ్చు.

ముహూర్తం ఇండియా టైముకా, ఇటలీ టైముకా?

పెళ్లి జరిగే ఊరికే. తిథి, నక్షత్రం ముగిసే క్షణం ప్రపంచమంతటా ఒకటే. గడియారంలో తేడా ఉంటుంది, అంతే. వేసవిలో ఇటలీ మనకంటే మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర గంటలు వెనక. మార్చి చివరి ఆదివారం, అక్టోబరు చివరి ఆదివారం వాళ్లు గడియారాలు మారుస్తారు. అక్టోబరు ఆఖరులో పెళ్లి పెట్టుకున్నవాళ్లు ఈ ఒక్క గంట విషయంలో చాలా జాగ్రత్తగా ఉండాలి.

లగ్నం సంగతి వేరు. అది ఆ ఊరి అక్షాంశ రేఖాంశాల మీద ఆధారపడుతుంది. హైదరాబాద్ పంచాంగంలోని లగ్నానికి మూడున్నర గంటలు తీసేసి వాడుకుంటే తప్పవుతుంది. కోమో సుమారు 46 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది. అంత ఉత్తరానికి వెళ్లాక మీన లగ్నం సుమారు గంటలోనే దాటిపోతుంది. కన్యా, తులా లగ్నాలు రెండున్నర గంటలకు పైగా సాగుతాయి. సూర్యోదయం మారుతుంది కాబట్టి దుర్ముహూర్తాలూ రాహుకాలమూ జరుగుతాయి. మీ సిద్ధాంతిగారికి ఊరి పేరు, తేదీ ఇచ్చి ఆ ఊరికే గణించమని చెప్పండి. అమెరికా, బ్రిటన్‌లలో పెళ్లిళ్లకు పెట్టే సిద్ధాంతులకు ఇది అలవాటే.

లగ్నం తెల్లవారుజామున రెండింటికి వస్తే?

మన ఊళ్లో ఇది సమస్యే కాదు, అక్కడ పెద్ద సమస్య. చారిత్రక విల్లాల్లో, పల్లెల్లో ఆరుబయట సంగీతం రాత్రి పదకొండుకో పన్నెండుకో ఆపేయాలి. పక్క కొండ మీద ఊరివాళ్లు ఫోన్ చేస్తే స్థానిక పోలీసులు వస్తారు. మంగళవాద్యం లేకుండా మాంగల్యధారణ చేయించడానికి ఏ తల్లిదండ్రుల మనసూ ఒప్పుకోదు. సిద్ధాంతిగారిని మొదటే పగటి లగ్నం చూడమనండి. జూన్‌లో అక్కడ రాత్రి తొమ్మిది దాకా వెలుతురే కాబట్టి సాయంకాలపు లగ్నాలు కూడా హాయిగా కుదురుతాయి. నవంబరు మొదట్లో అయిదింటికే చీకటి పడుతుందని గుర్తుంచుకోండి.

ఏ ప్రాంతం బాగుంటుంది?

కోమో సరస్సు కంటికి పండుగ. నీళ్లలోకి దిగే రాతిమెట్లు, వెనక ఆల్ప్స్ కొండలు, మిలాన్ మల్పెన్సా విమానాశ్రయం నుంచి గంటా గంటన్నర దారి. లెన్నో దగ్గర విల్లా దెల్ బల్బియనెల్లోను 18వ శతాబ్దం చివర్లో కార్డినల్ దురీని కట్టించాడు. 1988 నుంచి అది ఇటలీ వారసత్వ సంస్థ ఎఫ్‌ఏఐ చేతిలో ఉంది. అక్కడికి పడవలో వెళ్లాలి, లేదా లెన్నో నుంచి నడవాలి. అంటే గాడిపొయ్యి సామాను, పందిరి కొయ్యలు, వీల్‌చెయిర్‌లు అన్నీ పడవ ఎక్కాల్సిందే. పడవలో వచ్చే పెళ్లికొడుకు ఫోటో బ్రహ్మాండంగా ఉంటుంది, ఒప్పుకుంటాను. అదే పడవలో మోకాళ్ల నొప్పులున్న నాయనమ్మ కూడా దిగాలని మరిచిపోకండి. సరస్సు పడమటి ఒడ్డున రోడ్డు సన్నం, పెద్ద బస్సులు కొన్ని ఊళ్లలో ఎదురెదురు రాలేవు.

నన్నడిగితే తెలుగు పెళ్లికి టస్కనీయే మేలు. అక్కడ బోర్గో అంటారు. అంటే ఒకప్పటి చిన్న పల్లె మొత్తం. ఓ చిన్న చర్చి, రాతి ఇళ్లు, మధ్యలో ముంగిలి, చుట్టూ ద్రాక్షతోటలు. దాన్నంతా హోటల్‌గా మార్చి ఇస్తారు. బంధువులందరూ ఒకేచోట ఉంటారు. ఒక ఇంట్లో పెళ్లికూతుర్ని చేస్తే, నాలుగడుగుల అవతల ఇంట్లో పెళ్లికొడుకువాళ్ల విడిది. ఎదురుకోలుకు ఆ మధ్య సందు చాలు. పొద్దున్నే కాఫీ కప్పు పట్టుకుని అత్తయ్యలు ఒక గుమ్మంలోంచి ఇంకో గుమ్మంలోకి వెళ్తుంటారు. కల్యాణ మండపంలో దొరికే ఆ సందడి హోటల్ కారిడార్‌లో రాదు, బోర్గోలో వస్తుంది. ఫ్లోరెన్స్, పీసా విమానాశ్రయాలు దగ్గర. సియెనా దక్షిణాన ఉన్న వాల్ దోర్చా లోయ 2004 నుంచి యునెస్కో జాబితాలో ఉంది.

అమాల్ఫీ తీరంలో రవెల్లో ఊరు, అక్కడి విల్లా రూఫోలో చాలా అందమైనవి. కానీ ఊరంతా మెట్లే. వేసవిలో ఆ తీరపు రోడ్డు మీద వాహనాలు ఇరుక్కుపోతాయి. పెద్దవాళ్లు ఎక్కువగా ఉంటే వద్దు. పూలియాలో మసెరియాలు, అంటే కోటగోడల్లాంటి పాత వ్యవసాయ భవంతులు, విశాలంగా సమతలంగా ఉంటాయి. బారి లేదా బ్రిందిసిలో దిగాలి. ఇండియా నుంచి ఇంకో విమానం మారాల్సి రావడం ఒక్కటే ఇబ్బంది.

హోమానికి ఒప్పుకుంటారా?

విల్లాను అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే. అదీ కాగితం మీద. “ఇండియన్ సెరిమనీ చేస్తాం” అంటే వాళ్లు సరే అంటారు. నిప్పు ఉంటుందని వాళ్లకు తట్టదు. చిత్రాలున్న పైకప్పుల కింద, పాత భవనాల లోపల హోమగుండం పెట్టనివ్వరు, పెట్టకూడదు కూడా. బయట పచ్చిక మీద, రాతి ముంగిలిలో చేయొచ్చు. గుండం కొలతలు, నేల మీద కాకుండా స్టాండ్ మీద పెడతామన్న మాట, కింద ఇసుక ట్రే, పక్కన మంటలార్పే సిలిండర్, ఎంతసేపు వెలుగుతుంది, ఇవన్నీ ఒక ఫోటోతో సహా పంపండి. పోయినసారి చేసిన హోమం ఫోటో చూశాక వాళ్ల భయం సగం తగ్గుతుంది.

రెండు జాగ్రత్తలు. జూలై, ఆగస్టుల్లో టస్కనీలో అడవులు తగలబడే ముప్పు ఉంటుంది, ఆరుబయట నిప్పు మీద కట్టడి ఉంటుంది. అడవి పక్కనున్న బోర్గో అయితే ఆ నెలల్లో అడగడమే దండగ. రెండోది వాన. వాన వస్తే లోపలికి మారదామని ప్లానర్ తేలిగ్గా అంటారు. లోపల హోమం కుదరదు కదా. కాబట్టి పక్కలు తెరిచి ఉండే పైకప్పు, లేదా విల్లాలోనే రాతి వరండా ఉందో లేదో మొదట వెళ్లినప్పుడే చూసుకోండి. సప్తపది, లాజహోమం సగంలో ఆగకూడదు.

పసుపు గురించి కూడా చెప్పాలి. మంగళస్నానాలకు, పసుపు దంచడానికి పచ్చిక ఉన్న చోటు అడగండి. పాలరాతి మీద, పాత ఇసుకరాతి మీద పసుపు పడితే మరక పోదు. డిపాజిట్‌లోంచి కోస్తారు.

పెళ్లి సామాను ఇండియా నుంచి తీసుకెళ్లొచ్చా?

కొన్నే. ఐరోపా యూనియన్‌లోకి బయటి దేశాల ప్రయాణికులు పాలు, మాంసం, వాటితో చేసినవి తీసుకురాకూడదు. నెయ్యి కూడా అందులోకే వస్తుంది. పెద్దమ్మ ప్రేమగా కాచి డబ్బాకెత్తిన ఆవునెయ్యి మల్పెన్సా కస్టమ్స్ బల్ల దగ్గర చెత్తబుట్టలోకి పోతుంది. పాలకోవా కూడా అంతే. నెయ్యికి అక్కడి ఇండియన్ దుకాణాలే దిక్కు. ఇటలీ సూపర్‌మార్కెట్లలో దొరికే బుర్రో కియారిఫికాతో కూడా కాచిన వెన్నే.

పచ్చి మొక్కలు, ఆకులు, పూలు, పండ్లకు ఫైటోశానిటరీ సర్టిఫికెట్, అంటే మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. మామిడాకులు, తమలపాకులు, కరివేపాకు, మల్లెదండలు సూట్‌కేసులో వేసుకెళ్లొద్దు. ఈ నిబంధనకు అయిదు పండ్లు మినహాయింపు: అరటి, కొబ్బరి, ఖర్జూరం, అనాస, డ్యూరియన్. మన పెళ్లికి ముఖ్యమైన రెండూ అందులో ఉండటం అదృష్టమే. కర్పూరం, ఎండుకొబ్బరి మాత్రం నిప్పంటుకునే సరుకులు కాబట్టి విమానం లగేజీలో పెట్టొద్దు.

తీసుకెళ్లాల్సినవి: పసుపు కుంకుమలు, వక్కలు, అడ్డుతెర, మధుపర్కాలు, బాసికాలు, మెట్టెలు, మంగళసూత్రాలు, యజ్ఞోపవీతం, ముత్యాలు. జీలకర్ర ప్యాకెట్ మీద ముద్ర ఉన్నది కొనండి. బెల్లం అక్కడి ఇండియన్ దుకాణాల్లో దొరుకుతుంది. తలంబ్రాల బియ్యం మోసుకెళ్లనక్కర్లేదు. ఐరోపాలో అందరికంటే ఎక్కువ వరి పండించేది ఇటలీయే. వెర్చెల్లి, నొవారా చుట్టుపక్కల మిలాన్‌కు పడమరగా అన్నీ వరిపొలాలే. తోరణాలకు మామిడాకుల బదులు ఏ ఆకు కట్టాలో, సమిధలకు ఏ కట్టె వాడాలో పురోహితుడు చెబితే పెద్దలు కూడా మారుమాటాడరు. ఆ మాట నెలముందే అడిగి పెట్టుకోండి. పూలు లిగూరియాలోని సాన్‌రెమో పూలసంత నుంచి ఇటలీ అంతటికీ వెళ్తాయి. బంతిపూలు కావాలంటే చాలా ముందుగా చెప్పాలి.

భోజనాల సంగతి?

ఇంత దూరం వచ్చి పప్పు, పులిహోర, గోంగూర లేకపోతే రెండో రోజుకే పెద్దవాళ్ల మొహాలు వాడిపోతాయి. విల్లా సొంత వంటగదే వాడాలంటుందా, బయటి వంటవాళ్లను రానిస్తుందా అని అడ్వాన్స్ కట్టేముందే తేల్చుకోండి. మిలాన్‌లో, రోమ్‌లో, పో నది లోయలో పంజాబీలు చాలామంది ఉన్నారు. అక్కడ దొరికే ఇండియన్ కేటరింగ్ చాలావరకు ఉత్తరాది వంట. తెలుగు వంట కావాలంటే వంటవాళ్లను ప్రత్యేకంగా వెతుక్కోవాలి. ముహూర్తం రోజు ఒక్క పూటయినా అరిటాకు తరహా భోజనం పెట్టి, మిగతా పూటల్లో ఇటలీ వంటను మనస్ఫూర్తిగా తినడమే మంచి పద్ధతి. ఆ దేశపు వంట కూడా అమృతమే.

శాకాహారులకు ఒక గట్టి హెచ్చరిక. పార్మిజానో రెజ్జానో చీజ్ పాలను విరిచేందుకు దూడ కడుపులోంచి తీసే రెన్నెట్‌తో చేస్తారు, దాని తయారీ నియమమే అది. కాబట్టి “వెజిటేరియన్” అని రాసి ఉన్న పాస్తాలో కూడా అది ఉండొచ్చు. రిసోత్తో అనే అన్నం వంటకాన్ని తరచూ మాంసం రసంతో ఉడికిస్తారు, తాజా పాస్తా పిండిలో గుడ్డు ఉంటుంది. వంటవాళ్లకు “మాంసం వద్దు” అంటే సరిపోదు. గుడ్డు, చేప, మాంసపు రసం, జంతు రెన్నెట్ వద్దని నాలుగూ విడివిడిగా ఇటాలియన్‌లో రాయించి ఇవ్వండి. నిష్ఠగా ఉండే పెద్దలకు తెలియక పెట్టడం కంటే అపచారం లేదు.

అక్కడ చేసిన పెళ్లి చట్టప్రకారం చెల్లుతుందా?

హిందూ వివాహ చట్టం, 1955 ఇండియాలో స్థిరనివాసం ఉన్న హిందువులకు వాళ్లు దేశం బయట ఉన్నా వర్తిస్తుంది. సప్తపది జరిగితే ఏడో అడుగుతో పెళ్లి పూర్తయినట్టే. చిక్కంతా రిజిస్ట్రేషన్ దగ్గర. పెళ్లి జరిగిన చోటు రిజిస్ట్రార్ పరిధిలో లేకపోతే మన ఆఫీసుల్లో తిప్పుతారు. ఇటలీ లెక్కలో అయితే మీ తంతు కేవలం వేడుక, దానికి ఏ కాగితమూ రాదు.

నా సలహా ఒక్కటే. చట్టపరమైన పెళ్లి ఇండియాలోనో మీరుండే దేశంలోనో రిజిస్టర్ చేయించుకోండి. ఇటలీలో శాస్త్రోక్తంగా పెళ్లి చేసుకోండి. ఇండియాలో ప్రత్యేక వివాహ చట్టం, 1954 కింద అయితే ఇద్దరిలో ఒకరు ఆ జిల్లాలో 30 రోజులు ఉండి నోటీసు ఇవ్వాలి, మరో 30 రోజులు ఆగాలి, ముగ్గురు సాక్షులు కావాలి. సెలవు మీద వచ్చే ఎన్ఆర్ఐ పిల్లలకు ఈ లెక్క ముందే తెలియాలి. సంతకాలకూ మంచిరోజు చూసుకుంటే పెద్దలకు తృప్తి.

ఇటలీలోనే చట్టబద్ధంగా చేసుకుంటామంటే?

చేసుకోవచ్చు. ఆ ఊరి కొమూనె, అంటే మున్సిపాలిటీ, జరిపిస్తుంది. విదేశీయులు తమ దేశం నుంచి పెళ్లికి అభ్యంతరం లేదనే పత్రం తేవాలి. దాని పేరు నుల్లా ఓస్తా. భారతీయులు రోమ్‌లోని రాయబార కార్యాలయాన్ని గానీ మిలాన్‌లోని కాన్సులేట్‌ను గానీ అడగాలి. తర్వాత దాన్ని ప్రెఫెత్తూరాలో, అంటే అక్కడి ప్రభుత్వ జిల్లా కార్యాలయంలో ధ్రువీకరించుకోవాలి, స్టాంపు అంటించాలి. అమెరికా పౌరులకు ప్రమాణపత్రం, దానితోపాటు అత్తో నొతోరియో అనే మరో పత్రం కావాలి. మీకు ఇటాలియన్ రాకపోతే దుబాసీ తప్పనిసరి, ఇద్దరు సాక్షులుండాలి. కొమూనె ఆమోదించిన స్థలంలోనే జరగాలి, కాబట్టి ప్రతి విల్లాలోనూ కుదరదు. విడాకులై 300 రోజులు కాని మహిళకు కోర్టు అనుమతి అవసరం. పెళ్లి సర్టిఫికెట్ మీద ప్రెఫెత్తూరాలో అపోస్టిల్, అంటే వేరే దేశాల్లో చెల్లేందుకు వేసే ధ్రువీకరణ, వేయించుకుని రండి. ఇండియా, అమెరికా రెండింటిలోనూ అది పనికొస్తుంది.

హిందూ ధర్మానికి ఇటలీలో అధికారిక గుర్తింపు ఉందన్నది చాలామందికి తెలియదు. 2012 డిసెంబరు 31 నాటి 246వ చట్టంతో ఇటలీ ప్రభుత్వం అక్కడి హిందూ సమాఖ్యతో ఒడంబడిక చేసుకుంది. ఇటలీలోనే స్థిరపడిన తెలుగువాళ్లు ఆ దారి గురించి కనుక్కోవాలి.

క్రైస్తవ కుటుంబాలకు?

క్యాథలిక్ పెళ్లి చర్చి లోపలే జరగాలి, విల్లా తోటలో కుదరదు. మీ విచారణ (పారిష్) గురువు దగ్గర పెళ్లి శిక్షణ, బాప్తిస్మ, భద్రమైన అభ్యంగన (కన్ఫర్మేషన్) పత్రాలు, మీ మేత్రాణుల (బిషప్) అనుమతి అన్నీ సిద్ధమై ఇటలీలోని మేత్రాసనం (డయోసిస్) ద్వారా ఆ విచారణకు చేరాలి. బాప్తిస్మ పత్రం ఆర్నెల్ల లోపు తీసుకున్నదై ఉండాలి. ఏడాది ముందే ఫాదర్‌గారిని కలవండి.

వీసాలు ఎప్పుడు పెట్టాలి?

ఇటలీతో పాటు చాలా ఐరోపా దేశాలకు చెల్లే షెంజెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టొచ్చు. మామూలుగా 15 రోజుల్లో తేలుస్తారు, ఒక్కోసారి 45 రోజులూ పడుతుంది. 2024 జూన్ నుంచి రుసుము పెద్దలకు 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు 45, అంతకంటే చిన్నవాళ్లకు లేదు. వీసా దరఖాస్తు కేంద్రం తీసుకునే సేవా రుసుము దీనికి అదనం. కనీసం 30,000 యూరోలకు ప్రయాణ ఆరోగ్య బీమా ఉండాలి. వేసవికి అపాయింట్‌మెంట్లు దొరకడమే కష్టం. కాబట్టి పెళ్లివారే ఒక మనిషిని దీనికి పెట్టి, అందరికీ ఒకే రకమైన ఆహ్వాన పత్రం, హోటల్ బుకింగ్ కాగితం ఇవ్వాలి. ఎవరి దారిన వాళ్లను వదిలేస్తే బావగారి వీసా వచ్చి అక్క వీసా ఆగిపోయే పరిస్థితి వస్తుంది.

అమెరికా నుంచి వచ్చేవాళ్లకు వేరే జాగ్రత్తలున్నాయా?

ఉన్నాయి. అమెరికా పాస్‌పోర్టు ఉంటే తొంభై రోజుల లోపు ప్రయాణానికి వీసా అక్కర్లేదు. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు గ్రీన్‌కార్డు ఉన్నా షెంజెన్ వీసా కావాల్సిందే. అసలు గండం హెచ్1బి, ఎఫ్1 వాళ్లది. పాస్‌పోర్టులో స్టాంపింగ్ గడువు దాటిపోయి, చేతిలో ఆమోద పత్రం మాత్రమే ఉన్నవాళ్లు ఇటలీకి వెళ్తే మళ్లీ స్టాంపింగ్ లేకుండా అమెరికాలో అడుగు పెట్టలేరు. పెళ్లికొడుకే ఆ స్థితిలో ఉంటే పెళ్లయ్యాక ఎన్ని నెలలు ఇరుక్కుంటాడో చెప్పలేం. తేదీ ఖాయం చేసేముందే ఇద్దరి పాస్‌పోర్టులూ తెరిచి చూడండి. వాళ్ల స్నేహితులు రాలేకపోవడానికీ ఎక్కువగా ఇదే కారణం, పట్టుబట్టి నొప్పించకండి.

పురోహితుణ్ని, నాదస్వరాన్ని ఇండియా నుంచి తీసుకెళ్లొచ్చా?

డబ్బు తీసుకుని పనిచేసేవాళ్లను పర్యాటక వీసా మీద తీసుకెళ్లకూడదు. ఫోటోగ్రాఫర్‌కూ, మేకప్ చేసేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. దరఖాస్తులో ఉన్నది ఉన్నట్టు రాసి సరైన వీసా తీసుకోవాలి. లేదంటే ఐరోపాలోనే ఉండే తెలుగు పురోహితుణ్ని మాట్లాడుకోవాలి. వధూవరులకు అర్థమయ్యేలా మంత్రాల భావం చెప్పగలిగినవారైతే ఇంకా మంచిది, అక్కడికొచ్చే విదేశీ స్నేహితులు ఎంతో శ్రద్ధగా వింటారు. నాదస్వరం, డోలు మాత్రం రికార్డింగ్‌తో సరిపెట్టొద్దని నా మనవి. పాట వేయాలన్నా, వాయించాలన్నా ఎస్ఐఏఈ అనే సంస్థ దగ్గర సంగీత లైసెన్సు తీసుకోవాలి. అది ప్లానర్ పని, తీసుకున్నారో లేదో అడిగి చూడండి.

అడ్వాన్స్ కట్టేటప్పుడు ఏం చూసుకోవాలి?

కాంట్రాక్టులో ఆ మొత్తాన్ని కపార్రా కన్ఫిర్మతోరియా అన్నారా, అక్కోంతో అన్నారా చూడండి. మొదటిది ఇటలీ సివిల్ కోడ్ 1385వ అధికరణ కిందిది. మీరు మాట తప్పితే ఆ డబ్బు పోతుంది, వాళ్లు తప్పితే రెండింతలు మీకివ్వాలి. రెండోది ధరలో భాగంగా కట్టే సొమ్ము మాత్రమే. ఈ రక్షణ దానికి లేదు. ధర పక్కన “ఐవా కలపలేదు” అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఐవా అంటే వాళ్ల పన్ను, మామూలు సేవల మీద 22 శాతం, హోటల్ గదుల మీద 10 శాతం. దానికి తోడు మనిషికి రాత్రికింత అని నగర పన్ను. లక్షల్లో తేడా ఇక్కడే వస్తుంది. వేదిక అద్దె ఎన్ని గంటలకు, పందిరి కట్టడానికి ముందు రోజు ఇస్తారా, కుర్చీలు అందులోనే ఉన్నాయా అని అడగండి. మన తంతు మూడు నాలుగు గంటలు, వాళ్ల పెళ్లి అరగంట. ఈ తేడా వాళ్లకు మీరే చెప్పాలి.

డబ్బు పంపేది ఇండియా నుంచే అయితే, విదేశాలకు డబ్బు పంపేందుకు రిజర్వ్ బ్యాంకు పెట్టిన ఎల్ఆర్ఎస్ పథకం కింద ఒక మనిషి ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్ల దాకా పంపొచ్చు. పది లక్షల రూపాయలు దాటిన మొత్తం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్, అంటే ముందస్తు పన్ను, పట్టుకుంటుంది. రిటర్న్‌లో సర్దుబాటు అవుతుంది గానీ అప్పటిదాకా చేతిలో ఆ డబ్బు ఉండదు. అమ్మ, నాన్న ఖాతాల నుంచి విడివిడిగా, రెండు ఆర్థిక సంవత్సరాల్లో పంపుకుంటే భారం తేలికవుతుంది.

పెద్దవాళ్లను తీసుకెళ్లడం మంచిదేనా?

మంచిదే, వాళ్ల ఆశీర్వాదం కోసమే కదా ఇదంతా. హైదరాబాద్ నుంచి సాధారణంగా దుబాయ్, దోహా, అబుదాబిల్లో ఎక్కడో ఒకచోట మారాలి. ప్రతి విమానాశ్రయంలో వీల్‌చెయిర్ ముందే రాయించండి. పెళ్లికి రెండు రోజుల ముందు దిగేలా చూడండి. గదులు కింది అంతస్తులో అడగండి, పాత రాతి ఇళ్లలో లిఫ్టులుండవు. రాళ్లు పరిచిన సందుల్లో హవాయి చెప్పులు జారతాయి. మందులు చీటీతో సహా చేతిసంచిలో పెట్టండి. అత్యవసరానికి 112 నంబరు. పాత పట్టణాల నడిబొడ్డులోకి కార్లు రానివ్వరు కాబట్టి టాక్సీ ఎక్కడ ఆగుతుందో, అక్కణ్నుంచి ఎంత నడకో మీరు ఒకసారి నడిచి చూశాకే వాళ్లకు చెప్పండి.

నగల విషయంలో?

బయల్దేరేముందు ఇండియా విమానాశ్రయంలో కస్టమ్స్ దగ్గర ఎగుమతి ధ్రువపత్రం తీసుకోండి. నగల బరువు, విలువ కట్టించిన కాగితం, ఫోటోలు తీసుకెళ్లాలి. ఆ పత్రం ఉంటే తిరిగొచ్చేటప్పుడు అవి మీ పాత నగలేనని తేలుతుంది, సుంకం అడగరు. కౌంటర్‌లో సమయం పడుతుంది కాబట్టి మూడు నాలుగు గంటల ముందే చేరుకోండి. నగలు చెక్‌ఇన్ లగేజీలో వేయొద్దు. ఒక్కరి దగ్గరే అన్నీ పెట్టకుండా ఇద్దరు ముగ్గురి మధ్య పంచి, ఎవరి దగ్గర ఏముందో రాసుకోండి. మంగళసూత్రాలు మాత్రం అమ్మాయి తరఫువి, అబ్బాయి తరఫువి వేర్వేరు విమానాల్లో వెళ్లేలా చూడండి. ఒక విమానం ఆలస్యమైనా ముహూర్తానికి ఒక సూత్రం చేతిలో ఉంటుంది.